ఇంటి చాటు, ఆకాశపు చూపు

మానవునికి అతని ఇంటిని విశ్రాంతిస్థలంగా చేయడం అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటిగా దివ్యఖుర్ఆన్ (16:80) పేర్కొన్నది. ఇల్లంటే గోడలు, కప్పు మాత్రమే కాదు. పరాయి చూపు పడదన్న నెమ్మది కూడా ఇంటిలో భాగమే. ఆ నెమ్మది కోసమే తెలుగునాట పెరడు, దడి, వాకిటి తెర ఏర్పడినవి. ‘చాటు’, ‘మరుగు’ అనే మాటలు ఇంటి భాషలో అంతగా కలిసిపోవడానికి కారణం కూడా అదే. ముస్లిముల ఇళ్ళలో దీనినే ఘోషా అన్నారు. అయితే ఈ ఏర్పాట్లన్నిటికీ వెనుక చెప్పకుండానే ఒప్పుకున్న ఒక భావం ఉన్నది: చూపు పక్కనుండి వస్తుంది, నెత్తిమీదనుండి రాదు. కెమెరా అమర్చిన డ్రోను వచ్చిన తరువాత ఆ భావం చెల్లకుండా పోయింది.

నెల్లూరు తీరంలో గూడూరుకు చేరువగా ఉన్న చిల్లకూరు మండలాన్నే చూడవచ్చు. సిలికా ఇసుక నేలలు, రొయ్యల గుంటలు, సముద్రం దాకా సాగిన పల్లెలు గల ప్రాంతమిది. ఈ తీరానికి ఆకాశంవైపు చూడడం కొత్త కాదు. దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుండి 1971లో మొదటి రాకెట్టు లేచిననాటి నుండి ఇక్కడివారు తలలెత్తి చూస్తూనే ఉన్నారు. అక్కడి నుండి వెళ్ళిన ఉపగ్రహాలు భూమి చిత్రాలను తీస్తూనే ఉన్నవి. కాని ఉపగ్రహానికి పంటపొలం, చెరువు, తుఫాను కనిపిస్తాయి. పెరటిలో బట్టలు ఉతుకుతున్న స్త్రీ ఎవరో గుర్తుపట్టడం దాని పని కాదు. డ్రోను ఆ పని చేయగలదు. చిల్లకూరు, కోట మండలాలలో కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పరిశ్రమలు, భూముల కొలతలు, పెళ్ళి వీడియోలు పెరిగేకొద్దీ ఇళ్ళమీద ఎగిరే యంత్రాలూ పెరుగుతాయి. ఇటువంటి పల్లెలో చుట్టూ తాటాకు దడి గల ఇంటి ఇల్లాలికి ఈ యంత్రం నుండి ఎటువంటి రక్షణ ఉన్నది? ఆ రక్షణ భారం ఎవరిది?

ఈ ప్రశ్న కొత్తదిగా కనిపించినా దీనికి పదమూడు శతాబ్దాలకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో రెండు ధోరణులు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటి, తన చాటును తానే కాపాడుకోవలసినదని ఇంటివానికి చెబుతుంది. రెండవది, చూపును హద్దులో ఉంచుకోవలసినదని చూసేవానికి చెబుతుంది.

అనుమతి ఎందుకు?

ఇతరుల ఇళ్ళలో అనుమతి పొంది, సలాము చేసి ప్రవేశించాలనీ, తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోవాలనీ నూర్ సూరా (24:27–28) ఆదేశించినది. ఒకరి రహస్యాలను ఒకరు వెదకరాదని హుజురాత్ సూరా (49:12) నిషేధించినది. ఈ రెండు ఆదేశాలను కలిపి చూస్తే గృహగోప్యత పునాది బోధపడుతుంది: ఇంటిలోకి అడుగు పెట్టడానికి హద్దున్నట్లే, ఇంటి విషయాలను తెలుసుకోవడానికీ హద్దున్నది.

ఈ హద్దు కాళ్ళకు మాత్రమేనా, కళ్ళకు కూడానా? దీనికి సమాధానం సహీహ్ బుఖారీలో ఉన్న ఒక సంఘటనలో లభిస్తుంది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గృహంలోకి తలుపు సందునుండి తొంగిచూశాడు. ఆ సమయంలో ఆయన చేతిలో తల గోక్కునే దువ్వెన వంటి వస్తువు ఉన్నది. ఆ మనిషి చూస్తున్నాడని ముందే తెలిస్తే దానితో అతని కంటిలో పొడిచేవాడినని ఆయన తీవ్రంగా మందలించి, అనుమతి అడగవలెనన్న నియమం చూపు కారణంగానే ఏర్పడినదని వివరించారు. అనగా వాకిట అడుగు పెట్టకపోయినా తొంగిచూసినవాడు అనుమతి లేకుండా ప్రవేశించినవానితో సమానమే.

ఈ హదీసు ఆధారంగా ఫకీహ్‌ల మధ్య ఒక చర్చ సాగినది. తొంగిచూసేవానిని ఇంటివాడు నిజంగానే గాయపరిస్తే పరిహారం ఇవ్వాలా? షాఫియీ, హంబలీ పండితులు హదీసును యథాతథంగా తీసుకుని అక్కరలేదన్నారు. హనఫీ, మాలికీ పండితులలో ఎక్కువమంది దానిని తీవ్రమైన హెచ్చరికగా భావించి, గాయపరచినవాడు బాధ్యుడేనన్నారు. ఈ చర్చకు నేడు కొత్త ప్రాధాన్యం కలిగినది. 2015 జూలైలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక వ్యక్తి తన ఇంటిమీద ఎగిరిన డ్రోనును తుపాకితో కూల్చాడు. పోలీసులు పెట్టిన అభియోగాలను అక్కడి న్యాయమూర్తి కొట్టివేశారు. అయినా మందిలో తుపాకి పేల్చడం, యంత్రం జనంమీద కూలడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. కీడును మరొక కీడుతో తొలగించరాదన్న హనఫీ సూత్రమే ఇక్కడ వివేకవంతమైనది. చూపు నేరమే కాని, శిక్ష విధించే అధికారం న్యాయస్థానానిది.

ఫుస్తాత్‌లో ఒక మేడగది

ఈ సూత్రం నగరాల నిర్మాణంలోకి ఎట్లా ప్రవేశించినదో ఈజిప్టు చరిత్ర తెలుపుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఫుస్తాత్ నగరాన్ని నెలకొల్పారు. అక్కడ మొదటి మేడగదిని ఖారిజా బిన్ హుజాఫా కట్టించినట్లు తొమ్మిదవ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నె అబ్దుల్ హకమ్ వ్రాశాడు. పొరుగువారి చాటుకు భంగం కలుగుతుందన్న ఫిర్యాదు మదీనాకు చేరినది. ఆ గదిని తొలగించమని ఖలీఫా వ్రాసినట్లు ఒక కథనం. మరొక కథనం ప్రకారం ఆయన ఒక పరీక్ష నిర్ణయించారు: కిటికీ దగ్గర ఒక మంచం వేసి దానిమీద మనిషిని నిలబెట్టవలెను, అతనికి పొరుగింటి లోపలి భాగం కనిపిస్తే అడ్డుకోవలెను, కనిపించకపోతే వదలివేయవలెను.

ఈ రెండవ కథనంలో ఒక న్యాయసూక్ష్మం ఉన్నది. మేడ కట్టడం తప్పని చెప్పలేదు. ఎత్తు ఎంత అన్న ప్రశ్న వేయలేదు. మేడ నిలిచిన స్థలం ఎవరిదన్న ప్రశ్న కూడా వేయలేదు. అది ఖారిజా స్వంత స్థలమే. వేసిన ప్రశ్న ఒక్కటే: అక్కడ నిలిచినవానికి ఏమి కనిపిస్తుంది?

తరువాతి శతాబ్దాలలో ఖాజీలు, తాపీమేస్త్రీలు కలిసి ఈ ప్రశ్నను గోడగోడకూ వర్తింపజేశారు. ఖైరవాన్ ఖాజీ సహ్నూన్ (మరణం 854) పేరుతో ప్రసిద్ధమైన ముదవ్వనలో కిటికీల తగాదాలు చర్చకు వచ్చినవి. పదునాలుగవ శతాబ్దపు ట్యునీషియాలో ఇబ్నుర్రామీ అనే నిర్మాణశిల్పి ఇటువంటి తగాదాలమీద ఏకంగా ఒక గ్రంథమే రచించాడు. మసీదు మీనారు కూడా ఈ విచారణకు అతీతం కాలేదు. ముఅజ్జిన్‌కు పొరుగు ఇళ్ళ ముంగిళ్ళు కనిపిస్తే ఏమి చేయాలన్న ప్రశ్నను మాలికీ పండితులు చర్చించి, అక్కడి నుండి తొంగిచూడడాన్ని నిరోధించారు. అజాన్ వంటి పవిత్రకార్యం కూడా పొరుగువాని చాటును తీసివేసే హక్కు ఇవ్వదన్నమాట.

చెట్టెక్కేవాడు చెప్పి ఎక్కాలి

హనఫీ ఫిఖహ్‌లోని ఈ నిర్ణయాలను ఉస్మానియా సామ్రాజ్యం 1869–1876 మధ్య అహ్మద్ జెవ్దత్ పాషా నాయకత్వంలో ‘మజల్లా’ అనే ధర్మస్మృతిగా క్రోడీకరించినది. 1851 అధికరణాలు గల ఆ స్మృతిలో మూడు అధికరణాలు డ్రోను సమస్యకు ఆశ్చర్యం గొలిపేంత దగ్గరగా ఉన్నవి.

1202వ అధికరణం ప్రకారం వంటయిల్లు, బావిగట్టు, ఇంటి ముంగిలి వంటి స్త్రీలు తిరుగాడే చోట్లు పరాయివానికి కనిపించడం ‘తీవ్రమైన హాని’. అట్లా కనిపించేట్లు కిటికీ పెట్టినవాడు గోడో, పలకల అడ్డో కట్టి ఆ హానిని తొలగించాలి. అయితే కిటికీని పూర్తిగా మూసివేయమని అతనిని నిర్బంధించరాదు; వానికి గాలి, వెలుతురు అవసరమే. 1203వ అధికరణం ప్రకారం కిటికీ మనిషి ఎత్తుకు మించి ఉంటే, ఎప్పుడో నిచ్చెన వేసి చూడవచ్చునన్న అనుమానంతో దానిని మూయించరాదు. హాని నిజంగా ఉండాలి, ఊహ చాలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది 1205వ అధికరణం. ఒకని తోటలో పండ్లచెట్టు ఉన్నది. దానిని ఎక్కితే పొరుగింటి స్త్రీల చోటు కనిపిస్తుంది. చెట్టు అతనిదే, పండ్లు అతనివే, ఎక్కడం మానమనడం న్యాయం కాదు. కాబట్టి ఎక్కిన ప్రతిసారీ అతడు ముందుగా కబురు చేయాలి. చెప్పకుండా ఎక్కుతుంటే, కబురు చేయనిదే ఎక్కరాదని ఖాజీ శాసించవచ్చు.

ఈ మూడింటిలోనూ ఒకే తూకం కనిపిస్తుంది. చూసేవాని పనికి ఆటంకం లేదు. కాని హాని తొలగించే ఖర్చు, శ్రమ వానివే. ఇంటివానిని గోడ పెంచుకోమని ఎక్కడా చెప్పలేదు.

మద్రాసు తీర్పుల మార్గం

నెల్లూరు ప్రాంతం 1801లో కర్ణాటక నవాబుల ఏలుబడి నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. న్యాయస్థానాలలో సలహాదారులుగా ఉన్న ఖాజీల నియామకాన్ని 1864 నాటి 11వ చట్టం రద్దు చేసినది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ప్రతిపాదనపై 1880లో వచ్చిన ఖాజీల చట్టం, మొట్టమొదట మద్రాసు రాజధానికే వర్తించినదైనా, నికాహ్ వంటి కార్యాలకోసం ఖాజీని నియమించిందే తప్ప తగాదాలు తీర్చే అధికారం అతనికి ఇవ్వలేదు. ఆ విధంగా కిటికీ తగాదాలు ఆంగ్ల న్యాయశాస్త్రం చేతిలో పడినవి.

ఆంగ్ల న్యాయదృష్టి వేరు. తన స్థలంలో కిటికీ తెరిచే హక్కు ఇంటి యజమానికి ఉన్నది. పొరుగువానికి అది ఇష్టం లేకపోతే తన స్థలంలో అడ్డుగోడ కట్టుకోవచ్చు. 1866లో కోమతి – గురునాథ పిళ్ళె వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు ఈ దృష్టినే అనుసరించి, కిటికీవలన చాటుకు భంగం కలగడం వ్యాజ్యానికి తగిన కారణం కాదన్నది. 1890 దశకంలో సయ్యద్ అజూఫ్ – అమీరూబీబీ వ్యాజ్యంలోనూ అదే హైకోర్టు అదే మాట చెప్పినది. ఇరుపక్షాల పేర్లూ ముస్లిం పేర్లే. ఉస్మానియా ఖాజీ ముందుకు వెళ్ళి ఉంటే 1202వ అధికరణం కింద విచారణకు వచ్చే తగాదా, మద్రాసులో విచారణకే అర్హం కాలేదు.

ఉత్తరాదిన తీర్పులు మరొక దారిన నడిచినవి. గుజరాతులో ఇంటి చాటును కాపాడే ఆచారం ఉన్నదని బొంబాయి హైకోర్టు అంగీకరించినది. 1888లో గోకుల్ ప్రసాద్ – రాధో వ్యాజ్యంలో అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ ఎడ్జ్, ఆ ప్రాంతంలో ఇటువంటి ఆచారం అనాదిగా ఉన్నదనీ, అది సహేతుకమైనదనీ తీర్పు చెప్పాడు. పొరుగింటి కొత్త వసారా, తలుపులు ఆడవారు మెలగే చోటుకు భంగం కలిగించినవన్నది అక్కడి ఫిర్యాదు. గమనించదగినదేమంటే ఆ తగాదా హిందూ కుటుంబాలది. ఇంటి చాటు ఒక మతానికి చెందిన కోరిక కాదనీ, ఈ దేశపు ఇళ్ళన్నిటికీ ఉమ్మడి మర్యాద అనీ ఆ వ్యాజ్యం తెలుపుతున్నది.

విచిత్రమేమంటే మద్రాసులోనూ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. 1882 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారత ఈజ్‌మెంట్ల చట్టం మొదట వర్తించిన ప్రాంతాలలో మద్రాసు రాజధాని ఒకటి. దాని 18వ సెక్షను, ఊరి ఆచారంవల్ల సంక్రమించే హక్కులను గుర్తిస్తుంది. దానికి ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి సరిగ్గా ఇదే: పొరుగువాని చాటుకు గణనీయంగా భంగం కలిగే కొత్త కిటికీ పెట్టరాదన్న ఆచారం ఉన్న పట్టణంలో, ఇల్లు కట్టుకున్నవానికి ఆ రక్షణ హక్కుగా లభిస్తుంది. కాని ఆచారాన్ని రుజువు చేయవలసిన భారం ఫిర్యాదుదారునిది. నెల్లూరు తీరపు పేదయింటికి అంత శక్తి ఎక్కడిది? ఆమెకు మిగిలిన మార్గం దడిని మరొక మూరెడు పెంచుకోవడమే.

ఆ మార్గాన్నే డ్రోను మూసివేసినది. పక్క కిటికీకి గోడ అడ్డం పెట్టవచ్చు. ఆకాశానికి అడ్డంగా గోడ కట్టడం ఎవరి తరమూ కాదు. గోడ కట్టుకోమన్న సమాధానానికి ఇక అర్థం లేదు.

ఆకాశం ఎవరిది?

నేల ఎవరిదో దానిపై ఆకాశం కూడా వారిదే అన్నది ఐరోపా న్యాయశాస్త్రంలో పాత సూత్రం. విమానాలు వచ్చి దానిని సడలించినవి. 1946లో అమెరికా సుప్రీం కోర్టు కాజ్‌బీ వ్యాజ్యంలో ఈ ప్రశ్నను విచారించినది. సైనిక విమానాలు 83 అడుగుల ఎత్తున ఎగరడంవల్ల ఒక రైతు కోళ్ళు బెదిరి చచ్చినవి. భూమి యజమాని తాను వాడుకోగలిగినంత మేరకు పై ఆకాశంమీద హక్కు గలవాడేనని ఆ న్యాయస్థానం పలికినది. 1977లో ఇంగ్లండులో లార్డ్ బెర్న్‌స్టెయిన్ అనే ప్రభువు, తన ఇంటిని విమానంనుండి ఫోటో తీసి అమ్మజూపిన స్కైవ్యూస్ సంస్థపై దావా వేసి ఓడిపోయాడు. అయితే ఒక ఇంటిని నిరంతరం పైనుండి గమనిస్తూ ప్రతి కదలికనూ ఫోటో తీస్తే అది వేరే విషయమని జస్టిస్ గ్రిఫిత్స్ సూచించారు.

భారతదేశంలో 1934 విమానాల చట్టం 17వ సెక్షను, సమంజసమైన ఎత్తున విమానం ఎగిరినంతమాత్రాన అక్రమప్రవేశమనో, ఉపద్రవమనో సివిల్ కోర్టులో దావా వేయరాదన్నది. 2025 జనవరి 1న భారతీయ వాయుయాన్ అధినియమం ఆ చట్టం స్థానంలో వచ్చినది. డ్రోన్లకు ప్రత్యేకంగా 2018 ఆగస్టులో వచ్చిన తొలి నిబంధనలు, ఇతరుల గోప్యతకు భంగం కలగకుండా చూసే బాధ్యతను ఎగురవేసేవానిపై ఉంచినవి. 2021 ఆగస్టు నాటి డ్రోన్ నియమాలలో ఆ మాట కనిపించదు. ఆ నియమాల ప్రకారం ఆకాశం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజింపబడినది. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. 250 గ్రాములకు మించని యంత్రాలు నానో తరగతికి చెందినవి. వాటిని నడపడానికి పైలట్ ధ్రువపత్రం కూడా అవసరం లేదు. ఎంత ఎత్తుకు మించి ఎగరరాదో ఆ నియమాలు చెబుతాయి. ఒకరి ముంగిటిమీద ఎంత కిందికి దిగరాదో చెప్పవు. పై విమానానికి రక్షణ ఉన్నది, కింది పెరటికి లేదు.

నేరచట్టంలో కొంత రక్షణ ఉన్నది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను, ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చూడడాన్ని, చిత్రించడాన్ని శిక్షిస్తుంది. సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షను కూడా ఇటువంటిదే. కాని ఈ రెండూ స్నానం, మరుగుదొడ్డి, వివస్త్రస్థితి వంటి సందర్భాలకు పరిమితమైనవి. వంటయింటి ముందు కూర్చుని బియ్యం ఏరుకుంటున్న స్త్రీని పైనుండి గంటసేపు చిత్రించినా ఈ సెక్షన్లు సాధారణంగా పలకవు. మజల్లా పేర్కొన్న వంటయిల్లు, బావిగట్టు, ముంగిలి అనే మూడు చోట్లు సరిగ్గా ఈ ఖాళీలోనే ఉన్నవి.

ఉండవల్లి, జన్వాడ, మంగళగిరి

తెలుగు రాష్ట్రాలలో ఇంటిమీది డ్రోను పెద్ద వివాదమైన సందర్భాలు మూడు చెప్పుకోదగినవి. 2019 ఆగస్టులో కృష్ణానది వరదల సమయాన ఉండవల్లిలో మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు నివాసంమీద డ్రోను ఎగిరినది. అది గూఢచర్యమని ఆయన పార్టీ నిరసన తెలిపినది. వరద పరిస్థితి అంచనాకోసమని ప్రభుత్వం సమాధానమిచ్చినది. 2020 మార్చిలో హైదరాబాదు శివారు జన్వాడలో ఒక ఫారంహౌసుమీద డ్రోను ఎగురవేయించారన్న కేసులో నాటి పార్లమెంటు సభ్యుడు రేవంత్‌రెడ్డి అరెస్టయి, హైకోర్టు బెయిలుపై విడుదలయ్యారు. అక్కడ నిబంధనలకు విరుద్ధంగా జరిగిన నిర్మాణాన్ని బయటపెట్టడమే ఉద్దేశమని ఆయన పక్షం వాదన. 2025 జనవరిలో మంగళగిరిలో ఉపముఖ్యమంత్రి పవన్‌కల్యాణ్ క్యాంపు కార్యాలయంమీద ఎగిరిన డ్రోను ప్రభుత్వరంగానికి చెందిన ఫైబర్‌నెట్ సంస్థదేనని పోలీసుల విచారణలో తేలినది.

ఈ మూడింటిలో ఎవరి పక్షం న్యాయమన్నది ఇక్కడి విషయం కాదు. మూడు సందర్భాలలోనూ వాదన భద్రత చుట్టూ, అనుమతి చుట్టూ, రాజకీయం చుట్టూ తిరిగినది. మూడూ పెద్దల నివాసాలు, కార్యాలయాలు కాబట్టి గంటలలో పోలీసులు కదిలారు. దడి చాటున ఉన్న సామాన్యురాలి ఇంటిమీద అదే యంత్రం ఎగిరితే అది వార్త కాదు, కేసూ కాదు. షరీఅత్ చరిత్రలో మొదటి మేడగది తగాదాలో ఎవరిమీద ఫిర్యాదు వచ్చినదో గుర్తుచేసుకోవాలి. ఖారిజా సైన్యాధికారి, ప్రముఖుడు; ఫిర్యాదు పొరుగువారి పక్షాన వచ్చినది.

పాలకుని చూపు

పొరుగువాని చూపుకంటె కఠినమైన ప్రశ్న ప్రభుత్వపు చూపు. ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యాలో చేర్చిన ఒక ప్రసిద్ధ వృత్తాంతం ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఒకరాత్రి గస్తీలో ఒక ఇంటి గోడ ఎక్కి, లోపల పాపకార్యంలో ఉన్న వ్యక్తిని పట్టుకున్నారు. తాను చేసినది ఒక తప్పు అయితే ఖలీఫా చేసినవి మూడని ఆ వ్యక్తి సమాధానమిచ్చాడు: రహస్యాన్ని వెదకడం, వాకిలి వదలి గోడ దాటడం, అనుమతి, సలాము లేకుండా ప్రవేశించడం. ఖలీఫా ఆ మాటను అంగీకరించి అతనిని వదలివేశారు. పదకొండవ శతాబ్దపు మావర్దీ కూడా ముహ్‌తసిబ్ అధికారాన్ని బహిరంగంగా కనిపించే తప్పులకు పరిమితం చేసి, హత్య వంటి సరిదిద్దరాని హాని జరగబోతున్నదని నమ్మదగిన సమాచారం ఉన్నప్పుడే లోపలి విచారణకు అనుమతించాడు.

స్వతంత్ర భారతంలో ఇదే ప్రశ్న 1962లో ఖరక్‌సింగ్ వ్యాజ్యంలో వచ్చినది. పోలీసులు అర్ధరాత్రి ఇంటికి వచ్చి తలుపు తట్టడం చెల్లదన్న సుప్రీం కోర్టు, గోప్యత మాత్రం రాజ్యాంగహక్కు కాదన్నది. ఆ రెండవ మాటను 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తోసిపుచ్చి, గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. ఆ తీర్పులో జస్టిస్ బోబ్డే ఈ హక్కు మూలాలను వెదుకుతూ అర్థశాస్త్రంతోపాటు ఇస్లాం బోధనలనూ పేర్కొన్నారు; ఇతరుల ఇళ్ళలోకి తొంగిచూడడాన్ని ఇస్లాం నిషేధించినదని గుర్తుచేశారు. గోకుల్ ప్రసాద్ వ్యాజ్యమూ అక్కడ ప్రస్తావనకు వచ్చినది.

2020 లాక్‌డౌన్ కాలంలో అనేక రాష్ట్రాల పోలీసులు డ్రోన్లతో జనాన్ని వెంబడించి, ఆ దృశ్యాలను వినోదంగా ప్రచారం చేశారు. ఇటీవలి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు పేకాట, బహిరంగ మద్యపానం వంటివాటిని పట్టుకోవడానికి వీటిని వాడుతున్నారు. తోటలో జరిగే జూదం నిలపడం మేలే. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగలో లక్షలమంది గుమికూడినప్పుడు తొక్కిసలాట జరగకుండా పైనుండి గమనించడమూ అవసరమే. కాని బహిరంగ స్థలానికీ, ఇంటి ముంగిటికీ మధ్య మావర్దీ గీసిన గీత చెరిగిపోరాదు. స్వర్ణాల చెరువులో తడిబట్టలతో నిలిచిన స్త్రీ దృశ్యం పోలీసు అవసరం తీరిన తరువాత ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటుందన్నది అడగదగిన ప్రశ్న.

కబురు చేయడం సాధ్యమే

పని జరగాలి, చాటు కూడా నిలవాలి అనడం ఆచరణలో కుదరదని కొందరంటారు. దానికి జవాబు ఈ దేశపు పల్లెలలోనే ఉన్నది. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకంలో గ్రామకంఠాల ఇళ్ళను డ్రోన్లతో కొలుస్తారు. దానిలో యంత్రం ఎగరకముందే గ్రామసభ జరిపి విషయం చెప్పాలి. ఇళ్ళ హద్దులను సున్నంతో గుర్తించాలి. అంటే ఏ రోజున పైనుండి చూపు పడుతుందో ఇంటివారికి ముందే తెలుస్తుంది. 1205వ అధికరణంలో చెట్టెక్కేవాడు చేయవలసిన పని ఇదే. వేలాది ఇళ్ళను కొలిచే ప్రభుత్వానికి సాధ్యమైనది, ఒక పెళ్ళి వీడియో తీసేవానికి సాధ్యం కాకపోదు.

ఇక్కడ ముస్లిం సమాజం తనను తాను కూడా ప్రశ్నించుకోవాలి. నికాహ్ ఊరేగింపు, గంధోత్సవం, కొత్త మసీదు మీనారు చిత్రాలకోసం రప్పించే డ్రోను ఎన్ని పొరుగు ఇళ్ళమీదుగా వెళుతున్నది? ఆ ఇళ్ళలో ఏ మతంవారున్నా వారి పెరడు పెరడే. ముఅజ్జిన్ చూపుకే హద్దు పెట్టిన ఫిఖహ్, వీడియోవాని యంత్రానికి మినహాయింపు ఇవ్వదు. తన ఇంటి ఘోషాకోసం ఫిర్యాదు చేసే నోరు, పొరుగింటి ఘోషాను భంగపరచినప్పుడు మూతపడితే ఆ ఫిర్యాదుకు విలువ ఉండదు.

1882 చట్టం ఊరి ఆచారానికి విలువ ఇచ్చినది. ఆచారం ఒక్కరోజున పుట్టదు. దానిని రుజువు చేయడానికి తరాల వాడుక కావాలి. కాని ప్రతి ఆచారమూ ఎవరో ఒకరు మొదలుపెట్టినదే. చిల్లకూరు వంటి ఊరిలో మసీదు కమిటీ, గ్రామపంచాయతీ కలిసి కొన్ని నియమాలు పెట్టుకోవచ్చు: ఇళ్ళమీద డ్రోను ఎగరవేసేవారు ముందురోజు కబురు చేయాలి, పెరళ్ళమీద కిందికి దించరాదు, పొరుగువారు పడిన దృశ్యాలను అడిగిన వెంటనే తుడిచివేయాలి. వీటికి ఖర్చు లేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. పార్లమెంటు, న్యాయస్థానాలు తమ పని చేసేలోగా దడి చాటున ఉన్న ఇల్లాలికి ఒకరోజు ముందుగా అందే కబురు ఒక రక్షణ. తలుపు తట్టి, సలాము చేసి, జవాబుకోసం ఆగమని నేర్పిన ధర్మానికి చెందినవారు, ఆకాశంనుండి వచ్చేటప్పుడు కూడా తలుపు తట్టడం మరువరాదు.